ఇంటి బేకింగ్‌కి ఒక మంచి పుస్తకం: ఎంచుకోవడం ఎలా, వాడుకోవడం ఎలా

బేకింగ్ పుస్తకాల్లో చూసుకునేవి వేరు, చేసుకునేవి వేరు. చూసుకునే పుస్తకం అట్ట మీద మూడంతస్తుల కేకు ఉంటుంది, దాని చుట్టూ పంచదార పూలు ఉంటాయి, లోపల ప్రతి పేజీలోనూ మనింట్లో లేని సామాను కనిపిస్తుంది. చేసుకునే పుస్తకంలో ఇంత హడావిడి ఉండదు. ఒకే టిన్‌లో పోసి కాల్చి అందులోంచే ముక్కలు కోసుకునే కేకు, పండ్ల ముక్కల మీద వెన్న కలిపిన పిండి చల్లి కాల్చే క్రంబుల్, గరిటెతో తీసి గిన్నెల్లో వడ్డించే పుడ్డింగ్, డబ్బాలో వేస్తే వారం నిలవుండే బిస్కెట్లు, ఇలాంటివే ఎక్కువ. సాయంత్రం పనులయ్యాక గంటన్నరలో పూర్తయ్యేవి, పిల్లలూ పెద్దలూ మళ్లీ అడిగి తినేవి. మీకు కావలసింది ఈ రెండో రకమైతే దాన్ని ఎలా గుర్తుపట్టాలో, తెచ్చుకున్నాక దాన్ని ఎలా వాడుకోవాలో వరసగా చెబుతాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పది పుస్తకాలు కొనే బదులు ఒక్కటి జాగ్రత్తగా ఎంచుకుని, అందులో నాలుగైదు రెసిపీలు చేతికి అలవాటయ్యేదాకా చెయ్యండి. బేకింగ్ అలాగే వస్తుంది.

ముందు మీ వంటింటి లెక్క చూసుకోండి

పుస్తకం వెతకడానికి ముందు ఒక కాగితం మీద నాలుగు విషయాలు రాసుకోండి. ఓవెన్ ఎంత పెద్దది, అందులో ఫ్యాన్ ఉందా? ఏయే టిన్‌లు ఉన్నాయి, వాటి కొలతలెంత? కరెంటు బీటర్ ఉందా, చేత్తోనే గిలక్కొట్టాలా? గుడ్లు, పాలు, గింజలు, గోధుమ పిండి, వీటిలో ఇంట్లో ఎవరికైనా పడనివి ఉన్నాయా? ఈ కాగితం దగ్గరుంటే సగం పుస్తకాలు వాటంతటవే పక్కకు పోతాయి. స్టాండ్ మిక్సర్ లేకుండా ఒక్క కేకు కూడా కుదరని పుస్తకం బీటర్ లేని ఇంట్లో అరలో ఉండిపోతుంది.

కొనేముందు ఒక్క రెసిపీ మొత్తం చదవండి

ఫొటోలు తిరగేసి పుస్తకం ఎంచుకోవడం అందరం చేసే పనే. ఈసారి అలా చెయ్యకుండా చివరి పేజీల్లోని విషయసూచిక తెరవండి. మామూలు వెన్న కేకు, బ్రౌనీ, షార్ట్‌బ్రెడ్ (వెన్న బిస్కెట్), మఫిన్, కస్టర్డ్, పండ్ల క్రంబుల్, వీటిలో కనీసం సగం ఉన్నాయా? ఉంటే అది ఇంటికి పనికొచ్చే పుస్తకమే. ఆ తర్వాత అందులో అన్నిటికన్నా సాదాగా ఉన్న కేకు రెసిపీ ఒకటి తీసి, సామాను దగ్గర్నుంచి ఆఖరి వాక్యం దాకా నిదానంగా చదవండి. రచయిత నిజంగా మీ పక్కన నిలబడి చెబుతున్నారో లేదో ఆ ఒక్క పేజీలోనే తెలిసిపోతుంది.

చదివేటప్పుడు ఏం చూడాలి? టిన్ కొలత రాశారా? ఓవెన్ ఎంత వేడిలో ఉండాలో, ఏ అరలో పెట్టాలో చెప్పారా? వెన్న చల్లగా ఉండాలా, మెత్తబడాలా, కరగాలా అన్నది స్పష్టంగా ఉందా? అన్నిటికన్నా ముఖ్యం, కేకు అయిందని ఎలా తెలుసుకోవాలో రాశారా?

ఈ ఆఖరిదానికి ఒక ఉదాహరణ చెబుతాను. ఒక పుస్తకంలో "180 డిగ్రీల దగ్గర 35 నిమిషాలు కాల్చండి" అని ఉందనుకోండి. ఇంకో పుస్తకంలో "35 నుంచి 40 నిమిషాలు పడుతుంది. అంచులు టిన్‌ని కాస్త వదలాలి, మధ్యలో వేలితో మెల్లగా నొక్కితే గుంట పడకుండా మళ్లీ పైకి లేవాలి, టూత్‌పిక్ గుచ్చి తీస్తే తడిపిండి అంటకూడదు, ఒకటి రెండు పొడి రేణువులు అంటితే పరవాలేదు" అని ఉంది. రెండో పుస్తకాన్ని తీసుకోండి. మీ ఓవెన్ వేరు, మీ టిన్ వేరు. నిమిషాలు అందరి ఇంట్లోనూ ఒకేలా ఉండవు, గుర్తులు మాత్రం ఎక్కడైనా అవే.

ఇంకొకటి కూడా గమనించండి. కొన్ని రెసిపీల్లో సామాను జాబితా చిన్నదిగానే కనిపిస్తుంది, కానీ అందులో ఒక వరస "క్రీమ్, 140వ పేజీలో చెప్పినట్టు", ఇంకో వరస "కారమెల్, 162వ పేజీ" అని ఉంటుంది. అంటే అది ఒక రెసిపీ కాదు, మూడు రెసిపీలు. పండగ రోజుకి బాగుంటుందేమో, మామూలు రోజున మాత్రం నీరసం తెప్పిస్తుంది. పుస్తకంలో ఎక్కువ భాగం ఇలాగే ఉంటే వదిలెయ్యండి. లైబ్రరీలో దొరికితే ముందు అక్కడినుంచి తెచ్చుకుని రెండు రెసిపీలు చేసి చూశాక కొనడం ఇంకా మంచిది.

కప్పు అంటే ఎంతో తేల్చుకోండి

బేకింగ్‌లో వచ్చే సగం ఇబ్బందులకి మూలం ఇక్కడే ఉంది కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

పాత వంట పుస్తకాల్లో "వెన్న గుడ్డంత", "పిండి పిడికెడు" అని రాసేవాళ్లు. కప్పునీ స్పూనునీ నిండా నింపి, పైన కత్తి అంచుతో గీసి సమం చెయ్యాలన్న పద్ధతిని జనంలోకి గట్టిగా తీసుకెళ్లింది అమెరికాలోని బోస్టన్ కుకింగ్ స్కూల్ ప్రిన్సిపాల్ ఫానీ ఫార్మర్. ఆమె పుస్తకం 1896లో వచ్చింది. అప్పటినుంచి కప్పుల లెక్క స్థిరపడింది గానీ, కప్పు మాత్రం అన్ని చోట్లా ఒకటి కాలేదు. అమెరికా కప్పు సుమారు 240 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియా కప్పు 250. టీస్పూను అంతటా 5 మిల్లీలీటర్లే. టేబుల్‌స్పూను చాలా చోట్ల 15, ఆస్ట్రేలియాలో మాత్రం 20. నాలుగు టేబుల్‌స్పూన్ల కోకో వెయ్యమన్నప్పుడు ఈ తేడా మొత్తం 20 మిల్లీలీటర్లకి చేరుతుంది.

మైదా దగ్గర అసలు చిక్కు. డబ్బాలో కప్పు ముంచి తీస్తే పిండి అణిగిపోయి 150 గ్రాముల దాకా పడుతుంది. అదే పిండిని స్పూనుతో కప్పులో వదులుగా వేసి పైన గీస్తే 120 గ్రాముల దగ్గర ఆగుతుంది. రెండున్నర కప్పుల కేకుకి ఒకరు 300 గ్రాములు వేస్తే ఇంకొకరు 375 వేస్తారు. పుస్తకం ఒకటే, రెసిపీ ఒకటే, ఒకరి కేకు మెత్తగా వస్తుంది, ఇంకొకరిది గొంతు పట్టుకుంటుంది. రెండోవాళ్లు రెసిపీ బాగాలేదనుకుంటారు.

అందుకే గ్రాముల్లో కూడా కొలతలు ఇచ్చే పుస్తకాన్నే తీసుకోండి. ఒక చిన్న డిజిటల్ తూకం ఇంట్లో పెట్టుకోండి. గిన్నె దాని మీద పెట్టి, సున్నా చేసి, పిండి వేసి, మళ్లీ సున్నా చేసి పంచదార వేస్తే కడగాల్సిన కప్పులు కూడా తగ్గుతాయి. పుస్తకంలో కప్పులు మాత్రమే ఉంటే, ముందుమాటలో "మా కప్పు పిండి ఇన్ని గ్రాములు" అని రచయిత చెప్పారేమో వెతకండి. చాలామంది చెబుతారు, మనమే ఆ పేజీలు దాటేసి రెసిపీలకి వెళ్లిపోతాం. ఎక్కడా చెప్పకపోతే పిండి కప్పుకి 120 నుంచి 125 గ్రాములు, పంచదార 200, వెన్న సుమారు 225 అనుకుని మొదలుపెట్టండి.

సామాను జాబితాలో మాటల వరస కూడా చూడండి. "జల్లించిన మైదా 1 కప్పు" అంటే ముందు జల్లించి, ఆ పిండితో కప్పు నింపాలి. "మైదా 1 కప్పు, జల్లించాలి" అంటే కొలిచాక జల్లించాలి. మొదటిదాంట్లో పిండి తక్కువ పడుతుంది. తరిగిన గింజల దగ్గరా ఇదే లెక్క.

గుడ్ల సైజు గురించి టెన్షన్ అక్కర్లేదు గానీ, ఒక సంఖ్య గుర్తుంచుకోండి. చాలా పుస్తకాలు పెద్ద గుడ్డు అంటే పెంకు లేకుండా సుమారు 50 గ్రాములు అనుకుని రాస్తాయి. మీ గుడ్లు చిన్నవైతే గిలక్కొట్టి తూచి వెయ్యండి, సరిపోతుంది.

పుస్తకం ఏ దేశానిదో, ఏ కాలానిదో చూడండి

అట్ట తిప్పితే లోపల ఎక్కడ అచ్చయిందో, ఎప్పుడు అచ్చయిందో ఉంటుంది. ఆ చిన్న అక్షరాలు రెసిపీ అంత ముఖ్యం. బ్రిటన్ పుస్తకాల్లో సెల్ఫ్ రైజింగ్ ఫ్లోర్ అని తరచుగా కనిపిస్తుంది. పొంగడానికి కావలసింది ముందే కలిపిన మైదా అది. బ్రిస్టల్‌లో హెన్రీ జోన్స్ అనే బేకరీ యజమాని 1845లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. అది మీ దగ్గర లేకపోతే కప్పు మైదాకి ఒకటిన్నర టీస్పూన్ల బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు కలిపి రెండుసార్లు జల్లిస్తే పని జరుగుతుంది. కానీ పుస్తకంలో ఉన్నది మామూలు మైదానా, ఇదా అన్నది సరిగా చూసుకోకపోతే కేకు లేవనన్నా లేవదు, లేదా పొంగి టిన్ దాటుతుంది.

క్యాస్టర్ షుగర్ అంటే సన్నని రవ్వలా ఉండే పంచదార. మామూలు పంచదారని మిక్సీలో రెండు మూడు క్షణాలు తిప్పితే దగ్గర దగ్గరగా వస్తుంది. ఎక్కువసేపు తిప్పితే పొడైపోతుంది, అది ఐసింగ్‌కి పనికొస్తుంది గానీ వెన్నతో గిలక్కొట్టడానికి పనికిరాదు. బ్రిటన్ డబుల్ క్రీమ్‌లో కొవ్వు 48 శాతం, అమెరికా హెవీ క్రీమ్‌లో కనీసం 36 శాతం. గిలక్కొట్టడానికి రెండూ పనికొస్తాయి, చిక్కదనంలో తేడా వస్తుంది.

వేడి సంగతి. అమెరికా పుస్తకాలు ఫారెన్‌హీట్‌లో రాస్తాయి. 325 అంటే సుమారు 165 సెల్సియస్, 350 అంటే 175 నుంచి 180 మధ్య, 375 అంటే 190, 400 అంటే 200. ఈ నాలుగూ ఒక చీటీ మీద రాసి అట్ట లోపల అంటించేసుకోండి, ఇంటి బేకింగ్‌లో ఇంచుమించు అన్నీ వీటిలోనే వస్తాయి. ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే, ఫ్యాన్ ఆన్‌లో ఉన్నప్పుడు 20 డిగ్రీలు తగ్గించండి. కొన్ని పుస్తకాలు ఫ్యాన్ అంకెనే ఇస్తాయి, అది ముందుమాటలో చెబుతారు, చూసుకోండి. బాగా పాత పుస్తకాల్లో అంకెలే ఉండవు. సన్నని వేడి, మధ్యస్థం, గట్టి వేడి అని ఉంటుంది. వీటిని వరసగా 150, 180, 200 పైన అనుకోవచ్చు.

తేలికైన రెసిపీతో మొదలుపెట్టండి

పుస్తకం తెచ్చుకోగానే అట్ట మీద ఉన్న కేకు చెయ్యాలనిపిస్తుంది. కాస్త ఆగండి. ముందు క్రంబుల్ చెయ్యండి. పిండి, వెన్న, పంచదార 2:1:1 లెక్కలో వేళ్లతో నలిపి, పుల్లటి పండ్ల ముక్కల మీద చల్లి, 180 డిగ్రీల దగ్గర పైన బంగారు రంగు వచ్చి అంచుల్లో రసం బుడబుడలాడేదాకా కాల్చడమే. ఇది చెడిపోవడం కష్టం. మీ ఓవెన్ ఏ మూల ఎక్కువ మాడుస్తుందో కూడా ఇదే చెప్పేస్తుంది.

తర్వాత షార్ట్‌బ్రెడ్. పంచదార ఒక వంతు, వెన్న రెండు వంతులు, మైదా మూడు వంతులు. 100, 200, 300 గ్రాములు అని గుర్తు పెట్టుకోవడం తేలిక. గుడ్లు లేవు, సోడా లేదు. వెన్న రుచే దాని రుచి కాబట్టి మంచి వెన్న వాడండి. 160 డిగ్రీల దగ్గర నెమ్మదిగా కాలాలి, రంగు ఎక్కువ రాకూడదు.

మూడోది పౌండ్ కేకు. పేరు చెప్పినట్టే మైదా, వెన్న, పంచదార, గుడ్లు ఒక్కొక్కటీ ఒక పౌండు. మనం ఇంట్లో చెయ్యాలంటే ఒక్కొక్కటీ 200 గ్రాములు చాలు, అంటే నాలుగు గుడ్లు. పాత పద్ధతిలో ఇందులో బేకింగ్ పౌడర్ ఉండేది కాదు. కేకు లేవాలంటే మనం కొట్టిన గాలే దిక్కు. అందుకే బేకింగ్ నేర్చుకునేవాళ్లకి ఇంతకన్నా మంచి రెసిపీ లేదని నా నమ్మకం.

వెన్న, పంచదార గిలక్కొట్టే పని ఇక్కడ దగ్గరగా చూడాలి. వెన్న 18 నుంచి 20 డిగ్రీల మధ్య ఉండాలి. థర్మామీటర్ లేకపోతే వేలితో నొక్కండి. గుంట పడాలి, కానీ వేలు లోపలికి జారిపోకూడదు, వెన్న మెరుస్తూ జిడ్డుగా కనిపించకూడదు. పంచదార వేసి బీటర్‌తో కొట్టడం మొదలుపెడితే ముందు తడి ఇసుకలా, పసుపుగా ఉంటుంది. మూడు నాలుగు నిమిషాలకి రంగు తేలిపోయి, దాదాపు తెల్లబడి, పరిమాణం పెరిగి నురగగా తయారవుతుంది. పంచదార గరుకు అంచులు వెన్నలో చిన్న చిన్న గాలి గదులు చేస్తాయి. బేకింగ్ పౌడర్ వేసే కేకుల్లో కూడా ఆ పౌడర్ కొత్త బుడగలు పుట్టించదు, ఉన్న గదుల్నే పెద్దవి చేస్తుంది. ఈ మెట్టు మీద తొందరపడితే తర్వాత ఎంత పౌడర్ వేసినా లాభం లేదు.

గుడ్లు ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా వేస్తే వెన్న గట్టిపడి మిశ్రమం విరిగినట్టు అవుతుంది. గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు ఉంచి, ఒక్కొక్కటిగా వేసి, ప్రతిసారీ కలిసేదాకా కొట్టండి. అయినా విరిగినట్టు కనిపిస్తే ఒక స్పూను పిండి వెయ్యండి, సర్దుకుంటుంది. పిండి మొత్తం వేశాక మాత్రం బీటర్ పక్కన పెట్టి గరిటెతో కిందినుంచి పైకి మడిచినట్టు కలపండి. పొడిపిండి కనబడకుండా పోగానే ఆపెయ్యండి, ఇంకా కలిపితే కేకు గట్టిపడుతుంది.

ఈ నిష్పత్తులు తెలిస్తే ఇంకో లాభం ఉంది. పుస్తకాల్లో అచ్చుతప్పులు ఉంటాయి, మంచి పుస్తకాల్లో కూడా. కప్పు మైదాకి బేకింగ్ పౌడర్ ఒకటి, ఒకటింపావు టీస్పూన్లు, బేకింగ్ సోడా అయితే పావు టీస్పూను మామూలు. రెండు కప్పుల పిండికి టేబుల్‌స్పూను సోడా వెయ్యమని కనిపిస్తే అది తప్పే అయ్యుంటుంది. వెయ్యకండి.

చేసే రోజు

రెసిపీని రెండుసార్లు చదవండి. మొదటిసారి ఏం చేస్తున్నామో తెలియడానికి, రెండోసారి దాక్కున్న సమయాల కోసం. "రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి", "పూర్తిగా చల్లారాక", "వెన్న మెత్తబడనిచ్చి", ఇవన్నీ సామాను జాబితాలో కనబడవు, నాలుగో పేరాలో మధ్యలో ఉంటాయి. సాయంత్రం ఏడింటికి చుట్టాలొస్తున్నారంటే ఆరింటికి ఆ వాక్యం కనబడకూడదు.

ఓవెన్ ముందే వేడి చెయ్యండి. వేడెక్కిందని చెప్పే లైటు ఆరిపోయినా ఇంకో పది నిమిషాలు ఆగడం మంచిది. చాలా ఓవెన్లలో చూపించే అంకెకీ లోపలి వేడికీ 10, 20 డిగ్రీల తేడా ఉంటుంది. లోపల పెట్టుకునే చిన్న ఓవెన్ థర్మామీటర్ ఒకటి కొనుక్కుంటే, పుస్తకం తప్పా, ఓవెన్ తప్పా అన్న సందేహం తీరిపోతుంది. బేకింగ్ పౌడర్ డబ్బా తెరిచి చాలా రోజులైతే అర టీస్పూను వేడినీళ్లలో వేసి చూడండి. జోరుగా పొంగితే బాగున్నట్టు.

సామాను అంతా తూచి బల్ల మీద పెట్టుకున్నాకే మొదటి గిన్నె కదపండి. మొదటి మూడింట రెండు వంతుల సమయం గడిచేదాకా ఓవెన్ తలుపు తియ్యకండి. పుస్తకం చెప్పిన సమయానికి ఐదారు నిమిషాల ముందు నుంచీ చూడటం మొదలుపెట్టండి. మీ ముక్కు కూడా చెబుతుంది, కేకు వాసన ఇల్లంతా నిండిందంటే అది అవడానికి దగ్గరపడినట్టే.

టిన్ సరిపోకపోతే

పుస్తకంలో 9 అంగుళాల గుండ్రని టిన్, మీ దగ్గర 8 అంగుళాల చదరపుది ఉందనుకోండి. నిశ్చింతగా వాడండి. రెండిటి వైశాల్యం సుమారు 64 చదరపు అంగుళాలే. 8 అంగుళాల గుండ్రని టిన్ మాత్రం 50. అంటే 9 అంగుళాల రెసిపీ మొత్తం అందులో పోస్తే కేకు ఎత్తుగా అవుతుంది, పైన మాడి మధ్యలో పచ్చిగా ఉండిపోవచ్చు. టిన్‌లో మూడింట రెండు వంతులకి మించి పొయ్యకండి, మిగిలింది రెండు మూడు మఫిన్ కప్పుల్లో కాల్చుకోండి. 6 అంగుళాల గుండ్రని టిన్ 28 చదరపు అంగుళాలు, కాబట్టి 8 అంగుళాల రెసిపీలో సగం చేస్తే సరిగ్గా కుదురుతుంది. ఇద్దరే ఉన్న ఇంటికి ఇది చాలా హాయి. నల్లటి టిన్‌లు తొందరగా రంగు తెస్తాయి, వేడి ఒక 10, 15 డిగ్రీలు తగ్గించండి.

ఏవి మార్చొచ్చు, ఏవి మార్చకూడదు

మొదటిసారి ఏదీ మార్చకండి. పుస్తకం చెప్పినట్టే చేస్తే, రచయిత చేతిలో అది ఎలా వచ్చిందో మీకు తెలుస్తుంది. మార్పులు రెండోసారి నుంచి.

వెనిల్లా బదులు నిమ్మతొక్క తురుము, ఒక గింజ బదులు ఇంకో గింజ, ఎండుద్రాక్ష బదులు చాక్లెట్ ముక్కలు, వీటికి ఏ భయమూ లేదు. మజ్జిగలాంటి పుల్లటి బటర్‌మిల్క్ అడిగితే, కప్పులో టేబుల్‌స్పూను నిమ్మరసం వేసి మిగతాది పాలతో నింపి పది నిమిషాలు ఉంచితే చాలు. నిమ్మరసం లేకుండా వట్టి పాలు మాత్రం పొయ్యకండి. అలాంటి రెసిపీలో సోడా పనిచెయ్యాలంటే పులుపు ఉండాలి. కోకో దగ్గర కూడా ఇదే మర్మం. మామూలు కోకోకి కాస్త ఆమ్లగుణం ఉంటుంది, డచ్ ప్రాసెస్ కోకోలో దాన్ని తగ్గించేస్తారు. సోడా మాత్రమే ఉండి, వేరే పుల్లటి పదార్థం లేని కేకులో డచ్ కోకో వేస్తే సరిగా పొంగదు.

పంచదార తగ్గించొచ్చా అని అందరూ అడుగుతారు. కేకుల్లో పదో వంతు తగ్గిస్తే పెద్దగా తేడా తెలియదు. అంతకన్నా ఎక్కువ తగ్గిస్తే తీపితో పాటు తేమా, రంగూ, మెత్తదనమూ పోతాయి, ఎందుకంటే అవన్నీ పంచదార పనే. తీపి తక్కువ కావాలంటే మొదటే తీపి తక్కువగా రాసిన రెసిపీ ఎంచుకోవడం తెలివైన దారి. క్రంబుల్ పండ్లలోనో, పుడ్డింగ్‌లోనో అయితే మీ నోటికి నచ్చినంత తగ్గించుకోండి, అక్కడ నిర్మాణం పంచదార మీద ఆధారపడదు.

ఓవెన్ అక్కర్లేని డెజర్ట్‌లు

మంచి ఇంటి పుస్తకంలో స్టవ్ మీద అయిపోయేవి కూడా తప్పకుండా ఉండాలి. గుడ్ల కస్టర్డ్ అందులో మొదటిది. పాలు, గుడ్డు సొనలు, పంచదార, అంతే. సన్నని సెగ మీద ఆపకుండా కలుపుతుంటే సుమారు 80 డిగ్రీల దగ్గర చిక్కబడుతుంది, 85 దాటితే విరిగిపోతుంది. మధ్యలో ఉన్న దూరం చాలా కొద్ది. గరిటె వెనక వేలితో గీత గీస్తే ఆ గీత కలిసిపోకుండా నిలబడాలి, అప్పుడు వెంటనే దించి వేరే చల్లటి గిన్నెలోకి వడగట్టండి. కార్న్‌ఫ్లోర్ కలిపిన కస్టర్డ్ అయితే పద్ధతి వేరు. దాన్ని ఒక నిమిషం ఉడుకు పట్టనివ్వాలి, లేకపోతే ఫ్రిజ్‌లో పెట్టాక పలచబడిపోతుంది. మీ పుస్తకం ఈ రెండిటి తేడా చెప్పిందంటే రచయితకి విషయం తెలుసన్నమాట.

జెల్లీ రకాల్లో గట్టిపడటానికి వేసే జెలటిన్‌ని మరిగించకూడదు, అదే పనికి వాడే, సముద్రపు నాచు నుంచి తీసిన అగర్ అగర్‌ని మరిగించకపోతే కరగదు. ఒకదాని బదులు ఇంకోటి అదే కొలతలో వెయ్యకండి. పచ్చి పైనాపిల్, బొప్పాయి, కివీ జెలటిన్‌తో గట్టిపడవు, వాటిలో ఉన్న ఎంజైమ్‌లు దాన్ని విరిచేస్తాయి. ఉడికించినవో, డబ్బాలో వచ్చినవో అయితే ఇబ్బంది లేదు.

పెన్సిల్ దగ్గర పెట్టుకోండి

పుస్తకం పాడవుతుందని చాలామంది అందులో ఏమీ రాయరు. వంట పుస్తకానికి ఆ మర్యాద అక్కర్లేదు. కేకు చల్లారి, మొదటి ముక్క తిన్నాక, అప్పుడే ఆ పేజీ అంచున రాయండి. రేపు రాద్దామంటే మర్చిపోతాం. ఎలా రాయాలంటే, "బాగుంది" అని రాస్తే ఏడాది తర్వాత మీకే పనికిరాదు. "8 చదరం టిన్, 170 ఫ్యాన్, 32 నిమిషాలకే అయింది. ఉప్పు కాస్త ఎక్కువ వెయ్యొచ్చు. రెండో రోజు ఇంకా రుచి" అని రాస్తే అది మీ ఇంటి రెసిపీ అవుతుంది. మార్పు చేస్తే ఒకసారికి ఒక్కటే చెయ్యండి. పంచదార తగ్గించి, టిన్ మార్చి, పిండి కూడా మార్చేస్తే దేనివల్ల ఏం జరిగిందో ఎవరూ చెప్పలేరు.

అదే రెసిపీని తొందర్లోనే మళ్లీ చెయ్యండి, చేతికి గుర్తుండగానే. మూడోసారికి పుస్తకం వైపు చూడటం తగ్గుతుంది. అలా నాలుగైదు అయ్యాక రెండో పుస్తకం గురించి ఆలోచించండి. మొదటిదాంట్లో ఏది తక్కువైందో మీ పెన్సిల్ రాతలే చెబుతాయి. కేకులన్నీ చేశాక పేజీలు అయిపోయాయా, అయితే పుడ్డింగ్‌లూ కస్టర్డ్‌లూ ఎక్కువున్న పుస్తకం చూడండి. గుడ్డు లేనివి కావాలని ఇంట్లో అడుగుతున్నారా, మామూలు రెసిపీల చివర "గుడ్డు బదులు ఫలానాది వెయ్యొచ్చు" అని ఒక వాక్యం తగిలించిన పుస్తకాన్ని కాకుండా, మొదటినుంచీ గుడ్డు లేకుండా చేసి చూసి రాసినదాన్ని తీసుకోండి. ఈస్ట్‌తో రొట్టెలు మొదలుపెట్టాలని ఉంటే దానికి విడిగా ఒక పుస్తకం కావాలి. కేకుల పుస్తకం చివర్లో ఉండే నాలుగు పేజీల అధ్యాయం దానికి సరిపోదు.